బోర్డు పోయిందన్నారు, పోయింది కేబుల్

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. సర్వీస్ షాపులో వెనకమూత విప్పి, పది నిమిషాలు చూసి, "బోర్డు పోయింది సార్, మార్చాల్సిందే" అంటారు. సోమవారానికి మీరు పని అప్పగించాలి కాబట్టి బేరమాడి 18,500కి ఒప్పుకుంటారు. రెండు వారాలకు మళ్లీ అదే నల్లతెర. ఈసారి వేరే షాపుకి వెళ్తే, అక్కడి కుర్రాడు మడత దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ తీసి కొత్తది వేసి 1,400 పుచ్చుకుంటాడు. "బోర్డుకేం కాలేదండీ, మొదట్నుంచీ ఇదే అయ్యుంటుంది" అని కూడా అంటాడు.

అక్కణ్ణుంచి నేరుగా మొదటి షాపుకి వెళ్లి గొడవ పెట్టుకుంటాం. అక్కడ జవాబు సిద్ధంగా ఉంటుంది: "బోర్డు మార్చాం, నడిచింది, చూసుకుని తీసుకెళ్లారు. కేబుల్ ఆ తర్వాత పోయింది, దానికి మేమేం చేస్తాం?" దీనికి తిరిగి చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. పాత బోర్డు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నలిగిన కేబుల్ రెండో షాపు చెత్తబుట్టలో పడింది. రెండో కుర్రాడు చెప్పింది నోటిమాట. న్యాయం మీ వైపే ఉండొచ్చు. కేసు మాత్రం లేదు.

తప్పుడు డయాగ్నసిస్ మీద డబ్బు రాబట్టాలంటే మూడు విషయాలు కాగితం మీద కనిపించాలి. మొదటివాళ్లు ఏం చెప్పారు? అది తప్పని ఎవరు, ఎలా తేల్చారు? ఆ తప్పు వల్ల మీకు ఎంత పోయింది? ఇందులో మొదటిదీ మూడోదీ ఆలస్యంగానైనా కూడగట్టుకోవచ్చు. రెండోది మాత్రం రెండో మెకానిక్ రిపేర్ మొదలుపెట్టేలోపే పుట్టాలి. రిపేర్ అయిపోయాక లోపం ఉండదు, లోపం లేకపోతే సాక్ష్యం ఉండదు. ఈ వ్యవహారంలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లి ఓడటం కాదు, వెళ్లకముందే ఓడిపోతారు.

ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. టెక్నీషియన్ చెప్పింది తప్పయినంత మాత్రాన నష్టపరిహారం రాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సేవాలోపం అంటే ఏమిటో సెక్షన్ 2(11) చెబుతుంది. పని చేసిన తీరులో, నాణ్యతలో ఉన్న లోటు. వినియోగదారుడికి నష్టం తెచ్చిన నిర్లక్ష్యం, చెప్పాల్సిన సమాచారం కావాలని దాచిపెట్టడం కూడా అందులోకే వస్తాయి. అన్ని పరీక్షలూ చేసి, నిజాయితీగా ఒక అంచనాకొచ్చి, అది తప్పిన టెక్నీషియన్ ఉంటాడు. ఏ పరీక్షా చేయకుండా నోటికొచ్చింది చెప్పినవాడూ ఉంటాడు. కేబుల్ అని తెలిసీ బోర్డు అమ్మినవాడూ ఉంటాడు. మొదటివాడి మీద గెలవడం కష్టం. మూడోవాడి మనసులో ఏముందో నిరూపించడం ఇంకా కష్టం. మనం నిలబడగలిగేది రెండో రకం మీద: "ఈ లోపానికి ఎవరైనా చేసే మామూలు పరీక్ష వీళ్లు చేయలేదు." మోసం చేశారని కాకుండా చూడలేదని వాదించండి. నిరూపించడం తేలిక, వచ్చే డబ్బు మాత్రం అదే.

నల్లతెరకి ఆ మామూలు పరీక్ష ఏమిటో తెలుసుకుని ఉంటే మంచిది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని ఇంట్లో టీవీకి కలపండి. టీవీలో విండోస్ కనిపిస్తే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ బతికే ఉన్నాయన్నమాట. లోపం ప్యానెల్‌లోనో, దాని కేబుల్‌లోనో, ఆ కేబుల్ బోర్డుకి కలిసే చోటనో ఉంటుంది. చివరి సందర్భంలో బోర్డు పని కొంత అవసరం కావచ్చు కాబట్టి ఇది నూటికి నూరుపాళ్ల తీర్పు కాదు. కానీ "బోర్డు డెడ్" అన్న మాట అబద్ధమని చూపించడానికి సరిపోతుంది. షాపుకి తీసుకెళ్లే ముందు ఇది ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు స్టిక్కరూ, టీవీలో వచ్చిన తెరా ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా పడాలి. డబ్బు కట్టకముందు ఈ ఐదు నిమిషాలు పెడితే అసలు ఈ వ్యాసం అవసరమే రాకపోవచ్చు.

కౌంటర్ దగ్గర

సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ ఇస్తారు. దాని మీద "నో డిస్‌ప్లే" అని రెండు మాటలు గీకి సంతకం పెట్టమంటారు. అది మీరు చెప్పిన కంప్లయింట్, వాళ్లు తేల్చిన కారణం కాదు. వాళ్ల డయాగ్నసిస్ ఎక్కువగా ఫోన్లోనే వస్తుంది: "సార్, చెక్ చేశాం, బోర్డు పోయింది, పద్దెనిమిదిన్నర అవుతుంది, చేసేయమంటారా?" అప్పుడు "చేసేయండి" అనకండి. "ఇదే వాట్సాప్‌లో పెట్టండి, చూసి చెప్తాను" అనండి. వాళ్లు పెట్టకపోతే మీరే పెట్టండి: "మీరు ఇప్పుడు ఫోన్లో మదర్‌బోర్డు పాడైందని, మార్చడానికి 18,500 అవుతుందని చెప్పారు. ఏ పరీక్షలు చేసి తేల్చారో చెప్పండి. పాత బోర్డు నాకు తిరిగి ఇవ్వాలి." దీనికి "ఓకే సార్" అని వచ్చినా చాలు. ఏం చెప్పారన్న మొదటి ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

పాత పార్ట్ సంగతి చాలామంది పట్టించుకోరు. డబ్బు కట్టి కొత్తది వేయించుకుంటే తీసిన పాతది మీ సొత్తే. వారంటీలో ఉచితంగా మార్చినప్పుడు, లేదా ఎక్స్‌ఛేంజ్ ధర చెప్పి తగ్గించినప్పుడు పాతది కంపెనీకి పోతుంది. అలాంటప్పుడు ముందూ వెనకా ఫొటోలైనా తీసుకోండి. బోర్డు మీద సీరియల్ నంబరు స్టిక్కర్ ఉంటుంది, అది స్పష్టంగా పడాలి.

గడువు ఉంటే దాన్ని కూడా రాయించండి. "25వ తేదీన క్లయింటుకి పని అప్పగించాలి, ల్యాప్‌టాప్ 22లోపు కావాలి" అని జాబ్ షీట్ మీదో, మెసేజ్‌లోనో ఉండాలి. మర్యాద కోసం కాదిది. కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 73 ప్రకారం, ఒప్పందం తప్పినవాడు భరించాల్సింది అందులోంచి సహజంగా వచ్చే నష్టాన్నీ, ఇలా అవుతుందని ఇద్దరికీ ముందే తెలిసిన నష్టాన్నీ. దూరపు నష్టాన్ని అది లెక్కలోకి తీసుకోదు. షాపువాడికి మీ క్లయింటు సంగతే తెలియకపోతే, ఆ ఆర్డర్ పోయిందని తర్వాత ఎంత మొత్తుకున్నా అది దూరపు నష్టమే.

ఇక డేటా. బోర్డు మార్పుకీ డేటాకీ ఉన్న లంకె తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్, లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మనం పెట్టకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళం బోర్డులోని టీపీఎం చిప్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారిందంటే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనో, ఆఫీసు అకౌంట్‌లోనో దాచి ఉంటుంది. దొరక్కపోతే డిస్క్ ఏ దెబ్బా తినకపోయినా అందులోది మీకు అందదు. "ఫార్మాట్ చేసేశాం సార్, వేరే దారి లేదు" అన్న మాట ఇక్కణ్ణుంచే వస్తుంది. ఇవ్వకముందే కీ రాసిపెట్టుకోండి. "నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయవద్దు" అని జాబ్ షీట్ మీద రాయించండి.

ఇందులోనే మీకు పనికొచ్చే ఒక జాడ కూడా ఉంది. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందని మీకు కచ్చితంగా తెలిసి, బోర్డు మార్చామని చెప్పి ఇచ్చిన ల్యాప్‌టాప్ ఏ కీ అడగకుండా మామూలుగా తెరుచుకుంటే, బోర్డు నిజంగా మారిందా అని అనుమానించాలి. విండోస్ యాక్టివేషన్ కూడా చూడండి. బోర్డు మారితే అది ఎక్కువగా పోతుంది. ఇవి అనుమానానికి ఆధారాలే గానీ నిరూపణలు కావు. టెక్నీషియన్ బిట్‌లాకర్‌ని ముందే ఆపి ఉండొచ్చు, విండోస్‌ని మళ్లీ యాక్టివేట్ చేసి ఉండొచ్చు. అందుకే అరవకుండా, "మార్చిన బోర్డు సీరియల్ నంబరు బిల్లు మీద వేయండి" అని అడగండి. ఆ నంబరు వేయడానికి వెనకాడితే రెండో చోటుకి వెళ్లినప్పుడు ముందు చూపించాల్సింది ఆ బోర్డునే.

బిల్లు విషయంలో ఒక మాట. "జీఎస్టీ బిల్లయితే ఎక్కువవుతుంది, మామూలుగా అయితే తగ్గిస్తాం" అంటారు. తగ్గించే ఆ కొంచెం డబ్బుతో మీ కేసు కొనేస్తున్నారు. బిల్లు అడిగినా ఇవ్వకపోవడం 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఉంది. ఇవ్వకపోతే కనీసం యూపీఐలో కట్టి, రిమార్క్స్‌లో "మదర్‌బోర్డు మార్పు, ల్యాప్‌టాప్" అని రాయండి. నగదు ఇచ్చి బిల్లు వదులుకున్నవాళ్లకి ఈ దారిలో పెద్దగా చేయగలిగేది లేదు. నమ్మకస్తుడైన షాపువాడైనా సరే.

రెండో చోట

మళ్లీ పాడైంది. మీకు అనుమానం వచ్చింది. ఇక్కడ తొందరపడి బాగుచేయించేయకూడదు. రెండో షాపులో చెప్పాల్సింది ఇది: "ముందు చెక్ చేసి రాసివ్వండి. రిపేర్ సంగతి రేపు చెప్తాను. చెకింగ్ చార్జీ ఇస్తాను."

రాసివ్వమంటే చాలామంది జంకుతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట షాపులన్నీ ఒకే చూరు కింద ఉంటాయి. అక్కడివాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. "మాకెందుకండీ ఆ తలనొప్పి" అంటారు, వాళ్లని తప్పుపట్టలేం. అందుకని పక్క షాపుకి కాకుండా ఆ బ్రాండ్ అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. చార్జీ కొంచెం ఎక్కువే, కానీ వాళ్లు ప్రింటెడ్ సర్వీస్ రిపోర్టు ఇస్తారు. పాత షాపుని తప్పుపడుతూ వాళ్లు ఒక్క మాట రాయరు, అది మీరు అడగనూ వద్దు. "డిస్‌ప్లే కేబుల్ మడత దగ్గర తెగింది. ఎక్స్‌టర్నల్ మానిటర్‌లో డిస్‌ప్లే వస్తోంది. మదర్‌బోర్డు పనిచేస్తోంది." ఈ మూడు వాక్యాలు, తేదీ, సీరియల్ నంబరు, స్టాంపు ఉంటే చాలు. మిగతాది కమిషన్ ముందు మీరు చెప్పుకుంటారు.

వీలైతే ఒక్క ప్రశ్నకి కూడా జవాబు రాయించండి: తెగిన తీరు చూస్తే అది పాతదా, కొత్తదా? మడత దగ్గర కేబుల్ ఒక్కరోజులో తెగదు. పొర అరిగి, లోపలి తీగలు ఒక్కొక్కటే పోతాయి. మొదటి షాపుకి ఇచ్చిన రోజు కంప్లయింటూ ఇప్పటి కంప్లయింటూ ఒకటే అయినప్పుడు, ఈ అరుగుదల ఫొటో "తర్వాత పోయింది" అన్న వాదాన్ని బాగా బలహీనం చేస్తుంది. దగ్గరగా ఫొటో తీయించండి. రిపేరప్పుడు తీసేసిన కేబుల్‌ని కవర్లో పెట్టి తేదీ రాసి ఇంటికి తెచ్చుకోండి.

రిపోర్టు చేతికొచ్చాక, రిపేర్ చేయించకముందే, మొదటి షాపుకి ఒక మెసేజ్: "మీరు బోర్డు మార్చిన ల్యాప్‌టాప్ మళ్లీ అదే లోపంతో ఆగింది. వేరే చోట చూపిస్తే కేబుల్ అని రిపోర్టు ఇచ్చారు. మీరు మూడు రోజుల్లో వచ్చి చూసుకోవచ్చు. తర్వాత నేను బాగుచేయించుకుంటాను." వాళ్లు రారు. కానీ "మాకు చూసే అవకాశమే ఇవ్వలేదు" అన్న మాట రేపు వాళ్ల నోటికి రాదు. వాళ్లు నిజంగా వచ్చి, చూసి, డబ్బు తిరిగిస్తామంటే ఇంకా మంచిది. అప్పుడు కూడా ఎంత, ఎప్పుడు అన్నది రాతలో ఉండాలి.

కంపెనీ సర్వీస్ సెంటర్ మీదే ఫిర్యాదు అయితే వరస తిరగబడుతుంది. అక్కడ ఎక్కువగా వచ్చే తగాదా వారంటీ గురించి. "లిక్విడ్ డ్యామేజ్ ఉంది, కస్టమర్ వల్ల జరిగింది, వారంటీ రాదు" అని డబ్బు అడుగుతారు. నీళ్లు పడలేదని మీకు తెలుసు. అప్పుడు డబ్బు కట్టి బాగుచేయించుకోకండి. తడి ఎక్కడ కనిపించిందో ఫొటోలతో రాసివ్వమనండి. ల్యాప్‌టాప్‌ని అలాగే వెనక్కి తెచ్చి బయట చూపించండి. బయట విప్పితే వారంటీ పోతుందన్న వాదన వస్తుంది కాబట్టి, విప్పేటప్పుడు మొదట్నుంచీ చివరి దాకా వీడియో తీయండి. తేమకి రంగు మారే గుర్తు స్టిక్కర్ మామూలుగా ఉండి, బోర్డు మీద తుప్పు లేకపోతే ఆ వీడియో మీ ప్రధాన సాక్ష్యం.

ఎంత అడగాలి

మన నల్లతెర కేసులోనే లెక్క వేద్దాం. మొదటి షాపుకి కట్టింది 18,500. రెండో చోట తనిఖీ చార్జీ 500. కేబుల్ ఖర్చు 1,400ని లెక్కలో వేయకండి. మొదట్లోనే సరిగ్గా చెప్పి ఉన్నా అది మీకు తప్పేది కాదు. అది కూడా కలిపితే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. పని ఆగకుండా అద్దెకి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ పది రోజులకి 3,500, రసీదుతో. రెండు రోజుల జీతం కోత, నెలకి 36,000 చొప్పున 2,400, పేస్లిప్ మీద ఎల్‌ఓపీ అని ఉంది కాబట్టి. మొత్తం 24,900. దాని మీద వడ్డీ, మానసిక వేదనకి ఓ పదివేలు, కేసు ఖర్చులకి ఓ ఐదు వేలు అడగొచ్చు. కొత్త బోర్డు తిరిగి ఇవ్వడానికి సిద్ధమని కూడా రాయండి. లేకపోతే "బోర్డూ కావాలి, డబ్బూ కావాలా?" అని అవతలివాళ్లు అడుగుతారు, అడగడం న్యాయమే.

ఐదు లక్షలు అడిగితే కనీసం యాభై వేలైనా వస్తాయనుకునేవాళ్లున్నారు. అలా రావు. ఆధారం లేని అంకె ఉన్న ఫిర్యాదుని చూసేవాళ్ల కన్ను ముందు ఆ అంకె మీద పడుతుంది, ఆ అనుమానం మిగతా కాగితాలకీ పాకుతుంది. అద్దె ల్యాప్‌టాప్ సంగతి కూడా దీనికోసమే. నష్టాన్ని తగ్గించుకోవడానికి అందుబాటులో ఉన్న దారి వాడారా లేదా అన్నది సెక్షన్ 73 వివరణలోనే ఉంది. మూడు వారాలు పని మానేసి కూర్చుని ఆ మొత్తం అడిగితే, 350కి రోజు అద్దెకి దొరికేది ఎందుకు తీసుకోలేదని అడుగుతారు.

సొంతంగా పనిచేసుకునేవాళ్లకి, అంటే డీటీపీ ఆపరేటరుకో, అకౌంట్లు రాసుకునేవాళ్లకో, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరుకో, ఇంకో గుంట ఉంది. వ్యాపార ప్రయోజనం కోసం తీసుకున్న సేవకి వినియోగదారుడు కాడన్న వాదన అవతలి వైపు నుంచి దాదాపు ఎప్పుడూ వస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని వాడుకునే వస్తువుని చట్టమే ఇందులోంచి మినహాయించింది. అయితే 2019 చట్టంలోని ఆ వివరణలో వస్తువుల మాటే ఉంది, సేవల మాట లేదు. తెలివైన లాయరు ఇది పట్టుకుంటాడు. అందుకని ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి: ఈ ల్యాప్‌టాప్ నేను కొని, నేనే వాడుకుంటున్నది, దీనితో నేను చేసే పనే నా కుటుంబానికి ఆధారం, నా కింద పనివాళ్లు లేరు. రిపేర్‌కీ లాభానికీ నేరుగా సంబంధం లేదని కూడా రాయండి. వ్యవహారంలో ప్రధాన ఉద్దేశం లాభమేనా అన్నది చూడాలని లీలావతి మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నర్సుల హాస్టల్ కోసం ఆసుపత్రి ట్రస్టు కొన్న ఫ్లాట్ల కేసది. మీది పది సిస్టమ్‌లున్న ఆఫీసై, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద గొడవైతే ఈ దారి అనుమానమే. కాంట్రాక్టు మీద సివిల్ కోర్టుకే వెళ్లాల్సి రావచ్చు.

ఫొటోగ్రాఫర్ల సంగతి వచ్చింది కాబట్టి: పోయిన ఫైళ్లకి విలువ కట్టడం చాలా కష్టం. "డేటాకి మా బాధ్యత లేదు" అని జాబ్ షీట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నిర్లక్ష్యంగా ఫార్మాట్ చేసినవాళ్లకి అది పూర్తి కవచం కాదు. అలాగని దాన్ని లెక్కచేయనక్కర్లేదని కూడా కాదు. కొంచెమైనా నిలబడేవి రికవరీ ల్యాబ్‌కి కట్టిన బిల్లు, క్లయింటుకి వెనక్కిచ్చిన అడ్వాన్సు. హార్డ్‌డిస్క్ పోయిందని చెప్పి మార్చి, పాతది ఇవ్వకపోతే మాత్రం దాన్ని వదలొద్దు. ఆ డిస్క్ నిజంగా పోయిందో లేదో చెప్పగలిగేది అదొక్కటే.

నోటీసు నుంచి ఆర్డర్ దాకా

ముందు రాతపూర్వక నోటీసు. లాయరు నోటీసే కానక్కర్లేదు. ఒక పేజీ చాలు: "ఫలానా తేదీన ఫలానా సీరియల్ నంబరు ల్యాప్‌టాప్ మీకు ఇచ్చాను. మదర్‌బోర్డు పాడైందని చెప్పి 18,500 తీసుకున్నారు, బిల్లు జతచేశాను. ఫలానా తేదీన అదే లోపం తిరిగి వచ్చింది. తనిఖీలో డిస్‌ప్లే కేబుల్ తెగినట్టు, మదర్‌బోర్డు పనిచేస్తున్నట్టు తేలింది, రిపోర్టు జతచేశాను. బయటి మానిటర్‌కి కలిపి చూసే మామూలు పరీక్ష మీరు చేయలేదు. నాకు జరిగిన నష్టం 24,900, వివరాలు కింద. 15 రోజుల్లో చెల్లించగలరు. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయిస్తాను." స్పీడ్ పోస్ట్‌లో పంపి, ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు చూపే పేజీని ప్రింట్ తీసుకోండి.

పోలీసుల పేరు ఇందులో ఎత్తకండి. డయాగ్నసిస్ తప్పడం సివిల్ తగాదా. అసలు పార్ట్ తీసి నకిలీది పెట్టారని చూపగలిగితే అది వేరు. గూగుల్‌లో రివ్యూ రాయాలనుకుంటే తేదీలూ అంకెలూ మాత్రం రాయండి, "దొంగలు" అన్న మాట రాయకండి. పరువునష్టం నోటీసు తెచ్చుకుని దానికి జవాబిచ్చుకునే తీరిక మనకి లేదు.

నోటీసుకి చాలా షాపులు బేరానికొస్తాయి. "పదివేలు ఇస్తాం, వదిలేయండి" అంటారు. తీసుకోవాలా? 24,900 లెక్కలో పదివేలు తక్కువే. కానీ కమిషన్‌లో పట్టే కాలం, మీరు పెట్టే సెలవులు కూడా లెక్కలో వేయండి. పదిహేను పదహారు వేలకి, చేతిలో పడే డబ్బుకి, ఒప్పుకోవడం తప్పు కాదని నా అభిప్రాయం. చెక్కు క్లియర్ అయ్యేదాకా, లేదా ఖాతాలో పడేదాకా "పూర్తిగా ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

బేరం కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదు తీసుకుని అవతలి కంపెనీకి పంపి పరిష్కారం అడుగుతారు. ఆదేశాలిచ్చే అధికారం వాళ్లకి లేదు. పెద్ద బ్రాండ్లయితే దీనికి కదులుతాయి, వీధి షాపు పట్టించుకోకపోవచ్చు. అయినా డాకెట్ నంబరు తీసి పెట్టుకోండి.

తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన డబ్బు 50 లక్షల లోపు వ్యవహారాలన్నీ అక్కడికే వెళ్తాయి. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇక్కడ లెక్క మీరు అడిగే పరిహారం మీద కాదు, సేవకి కట్టిన డబ్బు మీద. మీరు ఉంటున్న చోటో, పనిచేస్తున్న చోటో ఫైల్ చేయొచ్చు. హైదరాబాద్‌లో రిపేర్ చేయించి ఒంగోలులో ఉంటున్నవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయొచ్చు, వీడియో ద్వారా హాజరవుతామని అడగొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. రెండేళ్లుంది కదా అని ఆగకండి, వాట్సాప్ చాట్లు ఫోన్ మారినప్పుడు పోతాయి, సర్వీస్ సెంటర్లో రిపోర్టు ఇచ్చిన మనిషి వేరే చోటుకి మారిపోతాడు.

కమిషన్ నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, అంతకు మించి లేదు. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని ఖాయం చేసింది. కేసు మూడు నెలల్లో, వస్తువుని పరీక్షకి పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ప్రయత్నించాలి అనే ఉంది. వాయిదాలు పడతాయి, బెంచ్ ఖాళీగా ఉంటుంది, ఏడాది దాటడం వింత కాదు. ఆఫీసులో సెలవు పెట్టాల్సి వస్తే ఎన్ని రోజులు పెట్టగలరో ముందే ఆలోచించుకోండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇదంతా మీ పని కాదు. అది కంపెనీ ఆస్తి. బయట షాపులో విప్పించడమే చాలా చోట్ల పాలసీ ఉల్లంఘన, అందులోని డేటా బయటికెళ్తే బాధ్యత మీ మెడకి చుట్టుకుంటుంది. ఎంత తొందరైనా ఐటీకి టికెట్ వేసి, ఆ టికెట్ నంబరుతోనే మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. ఆలస్యం వాళ్లదని రాతలో ఉంటే చాలు.

మీకు అనుకూలంగా ఆర్డర్ వచ్చాక అవతలివాళ్లకి అప్పీలుకి 45 రోజులు ఉంటాయి. అప్పీలు చేయాలంటే ఆర్డర్ మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి, చిన్న మొత్తాల్లో షాపువాళ్లు అంతదూరం వెళ్లడం తక్కువ. అయినా కట్టరు. ఆర్డర్‌లో ఇచ్చిన గడువు దాటిన మర్నాడే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. సెక్షన్ 72 కింద ఆర్డర్ పాటించనివాళ్లకి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేలకి తగ్గకుండా లక్ష దాకా జరిమానా ఉన్నాయి. పిటిషన్‌కి కావాల్సింది ధ్రువీకరించిన ఆర్డర్ కాపీ, డబ్బు అందలేదని మీ అఫిడవిట్, షాపు ఇప్పటి అడ్రసు. షాపులు ఖాళీ చేసి వెళ్లిపోతుంటాయి, అందుకని యజమాని పేరూ జీఎస్టీ నంబరూ మొదటి బిల్లు మీద ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.